సముద్రం ఒరిగిన ఫొటో

నీళ్ళు మరగకూడదు, ఇప్పుడే మరగకూడదు, తొందరపడి మరిగాయంటే గులాబీ ముద్దలో బుడగలు లేచి చిగుళ్ళు కాస్తా జల్లెడైపోతాయి, అందుకే మంట సన్నగా పెట్టి గిన్నె పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది పళ్ళమ్మ. పాలు పొంగిపోతాయని పొయ్యి దగ్గర కాపలా కాసే ఇల్లాలికీ తనకీ పెద్ద తేడా లేదు, గిన్నెలో ఉన్నవి పాలు కాదు పళ్ళు, అంతే. ఇత్తడి అచ్చుపెట్టె, దాని కడుపులో ప్లాస్టరు, ప్లాస్టరు కడుపులో ఒక నోరు. ఆ పచ్చి ముద్ద గట్టి చిగుళ్ళుగా మారాలంటే వేణ్ణీళ్ళలో నిదానంగా ఉడకాలి, చివర్లో కాసేపు మరగాలి, ఆ తర్వాత అదే నీళ్ళలో దానంతట అది చల్లారాలి, మధ్యలో ఎవరూ వేలు పెట్టకూడదు. ఈ గిన్నెలో ఎన్ని నోళ్ళు ఉడికాయో. ముందు గదిలో డాక్టరమ్మ పళ్ళు పీకుతుంది, వెనక గదిలో ఈవిడ పళ్ళు కడుతుంది, వచ్చేపోయేవాళ్ళు ఎప్పుడో పళ్ళమ్మ అనడం మొదలుపెడితే అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా మిగల్లేదు. ఇవాళ ఆదివారం. ముందు గదికి తాళం, వరసగా కుర్చీలన్నీ ఖాళీ, కుళాయి మాత్రం ఉండుండి ఒక చుక్క వదులుతోంది. ఇవాళ గిన్నెలో ఉన్న నోరు ఆమెదే.

ముందే తెలిసుంటే నిన్ననే పొయ్యెక్కించేది. తెలిస్తేగా, ఆడపడుచుకి ఏదైనా ముందుగా చెప్పే అలవాటుంటేగా, ఆ ఇంట్లో ఎవరికుంది కనక. అచ్చుపెట్టె నీళ్ళలో దించి చెయ్యి తుడుచుకుంటుండగా ఫోను మోగింది, వెనకాల రైలు చప్పుడు. "వదినా, బయల్దేరాను. ఇల్లు ఖాళీ చేసేశాను, తాళాలు ఇచ్చేశాను, ఇక పిల్ల దగ్గరే. సాయంత్రం మీ స్టేషన్లో ఆగుతుందిట, ఇంజను మారుస్తారట. ప్లాట్‌ఫారం మీదికి రా, ఒకసారి మొహం చూసిపోతాను." చూస్తాలే అంది పళ్ళమ్మ, ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిదని. "చూడ్డం కాదు, రా. మళ్ళీ ఇటు ఎప్పుడొస్తానో, అసలొస్తానో రానో. ఆ జలుబు ఇంకా తగ్గలేదా నీకు?" తగ్గుతోంది అని పెట్టేసింది. నెలల తరబడి తగ్గుతూనే ఉన్న జలుబది. పళ్ళు లేని నోటికి ఫోనులో ఏ మాటా నిలబడదు, నాలుక ఆనుకునే గోడ ఉండదు, గాలంతా బయటికి పోతుంది, అందుకని మొదటిరోజు నోటికొచ్చిన అబద్ధం జలుబు. ఇప్పుడు దాన్ని వదిలించుకోవడం ఆమె తరం కావడం లేదు. పళ్ళు చల్లారేసరికి చీకటి పడుతుంది. రైలు చీకటి పడేదాకా ఆగదు. ఉడికీ ఉడక్కుండా తీసి కుళాయి కింద పెడితే వంకర తిరిగి నోట్లో కూర్చోవు, ఎంతమంది కుర్రకారుకి నేర్పిందీ పాఠం, ఆత్రం పడితే నోరు పోతుందర్రా అని. అంటే లెక్క తేలిపోయింది, బోసినోటితో వెళ్ళాలి, లేదా వెళ్ళకూడదు. వెళ్ళకపోతే, ఈ లోకంలో తనని వదినా అని పిలిచే గొంతు అదొక్కటే, అది రైలెక్కి వెళ్ళిపోతుంది.

వెళ్ళకూడదనే అనుకుంది. మొహం చెల్లకపోవడం అనే మాట ఉంది చూశారూ, అది అక్షరాలా ఇదే. జీవితమంతా ఊరివాళ్ళ నోళ్ళు బాగుచేసిన మనిషి తన నోరు కాపాడుకోలేకపోయిందంటే ఎవరు నమ్ముతారు. ఆయన పోయిన తర్వాత తిండి ఒక పూట తిన్నట్టు, ఒక పూట మరిచినట్టు, అద్దం అన్నది ఇంట్లో ఉన్నదో లేదో అన్నట్టు గడిచింది, ఆ గడవడంలో చిగుళ్ళు పట్టు వదిలేశాయి, పళ్ళు తలోదిక్కుకీ జరిగాయి, సంతలో విడిపోయిన పిల్లల్లా. ఇక ఆగవమ్మా, తీసేద్దాం అంది డాక్టరమ్మ, తీసేసింది, పుండ్లు మానాక కొలత కూడా తీసింది, ముందు మీది చేసుకోండి అని ఎన్నిసార్లు చెప్పిందో. ముందు ఆ మేస్త్రీది అయిపోనీ, కూతురి పెళ్ళి పెట్టుకున్నాడు, ముందు ఆ పంతులమ్మది అయిపోనీ, బళ్ళు తెరుస్తున్నారు, అనుకుంటూ అచ్చు అల్మరాలోనే పెట్టేసింది. అసలు కారణం అది కాదు. పళ్ళు కట్టుకుని ఎవరికి చూపించాలి? ఎవరితో నమలాలి? ఇంట్లో జావ కాచుకుంటే సరిపోతుంది, బయట మాస్కు పెట్టుకుంటే సరిపోతుంది, ఆ నీలం గుడ్డ చాటున ఎన్ని రోజులైనా గడిపెయ్యొచ్చు, మనిషి ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. బస్సులో పక్క సీటు మనిషి పలకరిస్తే తలూపుతుంది. పాలపాకెట్లవాడికి వేళ్ళతో చెబుతుంది. సాయంత్రాలు టీవీలో ఎవరో ఎవరితోనో దెబ్బలాడుకుంటుంటే ఆ గోల ఇంట్లో ఉండనిస్తుంది, ఎవరి గోలో ఒకటి ఉండాలి కదా అని. ఒక రోజు పొద్దున్నించీ రాత్రిదాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదని పడుకోబోతూ తెలిసింది, అప్పుడు దుప్పట్లో నోరు తెరిచి, ఊరికే, అ అని అని చూసుకుంది. ఉంది గొంతు.

గిన్నె అంచున సన్నని ఆవిరి. వేలు పెట్టి చూసింది, కాలింది, ఫరవాలేదు, ఇంతే ఉండాలి. ఆయనైతే వేలు పెట్టడు, గిన్నె మీదికి చెవి వంచి వినేవాడు, ముద్ద ఉడుకుతుంటే చప్పుడు మారుతుందనేవాడు, ఈమెకి ఏనాడూ ఏ చప్పుడూ వినిపించలేదు, వింటున్నట్టు నటించేది, నటిస్తోందని ఆయనకి తెలుసు. ఈ పని నేర్పింది ఆయనే. పళ్ళు కట్టడం చేతి పని అని అందరూ అనుకునేవాళ్ళు, ఆయన దృష్టిలో అది మనుషుల్ని కనిపెట్టే పని. పళ్ళన్నీ పోయాక వచ్చినవాళ్ళని ముందుగా ఒక ఫొటో అడిగేవాడు, పళ్ళున్న రోజుల్లోది. జనం పెళ్ళి ఫొటో తెచ్చేవారు, అది పక్కన పడేసేవాడు. పెళ్ళిలో ఎవరూ నవ్వరండీ, మూతులు బిగించుకుంటారు, ఆఫీసు కార్డు మీదిది మరీ అన్యాయం, పోలీసులు పట్టుకున్నట్టుంటుంది, మీరు ఎప్పుడైనా, ఎక్కడికైనా ఊరెళ్ళినప్పుడు తీసుకున్నది ఉంటే తీసుకురండి, అనేవాడు. ఊరెళ్ళిన మనిషి తనని ఎవరూ చూడ్డం లేదనుకుంటాడు, అక్కడ తనెవరో ఎవరికీ తెలియదు కదా, అప్పుడు పడతాయి పళ్ళు, నిజం పళ్ళు. అలా వచ్చేవి ఫొటోలు. కొండ మీద గాలికి జుట్టు చెదిరినవి, గుర్రం ఎక్కి భయపడుతున్నవి, జలపాతం కింద తడిసి కళ్ళు మూసుకున్నవి. ఆయన ఆ ఫొటోని బల్లకి అంటించుకుని దాన్ని చూస్తూ మైనంలో పళ్ళు గుచ్చేవాడు. ఫొటో తెచ్చిన మనిషి మాత్రం ఏడుపు మొహంతో లోపలికొచ్చి, ఆ ఫొటో గురించి చెప్పడం మొదలుపెట్టి, అప్పుడేమైందో తెలుసాండీ అంటూ అంటూ, బోసినోరు సంగతి మరిచిపోయి నవ్వేసేవాడు. సగం వైద్యం అయిపోయింది, ఇక పళ్ళు పెట్టడమే తరువాయి అనేవాడు ఆయన.

తనకి ఫొటో దొరకలేదు. ఇంట్లో వెతికింది, బీరువా పైనా కిందా, ఉన్నవాటిలో అన్నిట్లోనూ మూతి ముడుచుకునే ఉంది, ఈవిడగారు ఎప్పుడైనా నవ్విందా అని తనకే అనుమానం వచ్చింది. పాత ఫొటోలేమైనా ఉంటే పంపించు అని ఆడపడుచుకి మెసేజీ పెట్టింది, ఎందుకో చెప్పలేదు, జవాబు రాలేదు. చివరికి గుర్తు చేసుకుని గుచ్చుదామని కూర్చుంటే గుర్తు రాలేదు. మేస్త్రీ ముందుపళ్ళ మధ్య సందు గుర్తుంది, పంతులమ్మ కోరపన్ను వాలు గుర్తుంది, ఎప్పుడో పోయిన మనుషుల పళ్ళు కూడా వరసల్లో కళ్ళముందుకు వస్తాయి, తన నోట్లో ఇన్నేళ్ళున్నవి ఎలా ఉండేవో తెలియలేదు. చివరి ఏళ్ళలో జరిగిపోయి, ఊగిపోయి ఉన్నవే గుర్తు. అంతకు ముందువి ఎవరో తుడిచేసినట్టే ఉన్నాయి. సరే, ఎవరు చూడొచ్చారని, గీత గీసినట్టు తిన్నగా, చక్కగా గుచ్చేసింది, దుకాణం కిటికీలో నమూనాకి పెట్టే పళ్ళలా. ముచ్చటగానే ఉన్నాయి. ఎవరివైనా కావచ్చు.

ఫోను టింగుమంది. ఆడపడుచే. "సామాను సర్దుతుంటే అట్టపెట్టె అడుగున దొరికింది. చూసి తిట్టుకోకు." కింద ఏదో బూడిదరంగు చదరం, నెట్టు అందక తిరుగుతోంది, తిరుగుతోంది, పళ్ళమ్మ కళ్ళజోడు పైకి తోసుకుంది, మంట ఇంకాస్త తగ్గించింది, తిరుగుతూనే ఉంది, ఆ తర్వాత ఒక్కసారిగా విచ్చుకుంది.

సముద్రం. లాంచీ. రెయిలింగు. అత్తగారు.

ఈ ఫొటో లేదు కదా, దీన్ని చించేశారు కదా, తన కళ్ళెదుటే ఆయన నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు కదా, అత్తగారు ఒట్టు వేయించుకుని మరీ చింపించింది. ఈ ఆడపడుచు రెండో కాపీ కడిగించి దాచుకుందన్నమాట, దొంగమొహంది, ఇన్నేళ్ళూ ఒక్క ముక్క బయటపెట్టకుండా. ఆ దీపస్తంభం ఉన్న ద్వీపానికి వెళ్ళినప్పటిది. ఆ ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళింది ఆ ఒక్కసారే, లాంచీలో నిలబడ్డానికి చోటు లేదు, అందరి స్వెట్టర్లూ ఉప్పు వాసన. అత్తగారివి అప్పటికే కొడుకు కట్టిన పళ్ళు. చిగుళ్ళు కరిగి, సెట్టు వదులై, తినేటప్పుడు టకటకమని చప్పుడు కూడా వచ్చేది, సరిచేయిస్తానమ్మా అంటే అగ్గిమీద గుగ్గిలం. నా కొడుకు చేసినవి వదులవుతాయా, మీ చెవులు వదులయ్యాయి. ఊరందరి పళ్ళూ బిగించే ఇంట్లో తల్లి పళ్ళు ఊగుతున్నాయంటే కొడుక్కి తలవంపులని ఆవిడ బాధ, అవి కదలకుండా బుగ్గల్లో దూది కుక్కుకుని తిరిగేది. ఇక ఆ రోజు లాంచీలో అందరూ ఒకే ఫొటోలో పట్టాలని ఆయన కెమెరా పట్టుకుని వెనక్కి, ఇంకా వెనక్కి జరుగుతున్నాడు, వెనక తాడు తప్ప ఏమీ లేదు. అత్తగారు చూసింది. నోరు బార్లా తెరిచి, పడిపోతావురా సన్నాసీ అని ఒక్క కేక పెట్టింది. కొడుకు పడలేదు. పళ్ళ సెట్టంతా గాల్లో ఒక పల్టీ కొట్టి, రెయిలింగు దాటి, నీళ్ళలో తెల్లగా ఒక్క మెరుపు మెరిసి వెళ్ళిపోయింది.

లాంచీ మొత్తం నోరు మూసుకుంది. అత్తగారు రెయిలింగు మీదుగా కిందికి చూసింది, చాలాసేపు చూసింది, పళ్ళమ్మకి అప్పుడు కొత్తగా పెళ్ళయిన రోజులు, ఇప్పుడు ఈవిడ ఎవర్ని తింటుందో అనుకుంది, తినడానికి పళ్ళు లేవు కదా అన్న ఆలోచన అదే క్షణంలో వచ్చి పడి, పొట్టలోంచి తన్నుకొచ్చిన నవ్వుని ఆపుకోలేక చచ్చినంత పనైంది. అత్తగారు తలెత్తి కోడల్ని చూసింది. చూసి, తనే ముందు నవ్వింది. ఆ నవ్వులో ఉంది ఫొటో. నోరంతా చిగుళ్ళే, కళ్ళు లేవు, ముడతలే ఉన్నాయి. ఆవిడ చెయ్యి కోడలి మణికట్టుని గట్టిగా పట్టుకుని ఉంది, పట్టుకుందా, ఇది గుర్తులేదే, ఇన్నేళ్ళుగా తనకి గుర్తున్నదల్లా ఇంటికొచ్చాక ఆవిడ నాలుగురోజులు మాట్లాడకపోవడం, నవ్విందట కోడలు, సిగ్గులేకుండా నవ్విందట అని పక్కింటావిడతో అనడం. కోపమొక్కటే భద్రంగా దాచుకుంది, ఈ చెయ్యిని పారేసుకుంది. ద్వీపం మీద ఆవిడ చేసింది ఇంకా విచిత్రం, నోటికి రుమాలైనా అడ్డం పెట్టుకోలేదు, దీపస్తంభం మెట్ల దగ్గర, టీ బడ్డీ దగ్గర, టిక్కెట్లిచ్చేవాడి దగ్గర, కనపడ్డవాళ్ళందరితో బోసినోరేసుకుని, మా అబ్బాయి పళ్ళు కడతాడు బాబూ, చాలా గట్టిగా కడతాడు, అడ్రసు రాసుకో అని చెప్పుకుంటూ తిరిగింది. ఆయన దూరంగా బండ మీద కూర్చుని తల చేతుల్లో పెట్టుకున్నాడు. ఆ అడ్రసు పట్టుకుని తర్వాత ఒకాయన నిజంగానే వచ్చాడు.

పళ్ళమ్మ పొట్ట కదులుతోంది. ఏమిటా అని చూసుకుంటే నవ్వు. ఖాళీ గదిలో, కుళాయి చుక్కల మధ్య, ఒక్కర్తీ, ఎవరైనా చూస్తే పిచ్చెక్కిందనుకుంటారు, ఎవరూ చూడరు, అది కూడా ఇప్పుడు అంత బాధగా లేదు. ఫొటో అన్నం పెడుతుందా, పోయినవాళ్ళని తెస్తుందా, ఏమీ లేదు, ఒక కాగితం ముక్క, అదీ కాదు ఇప్పుడు, ఫోనులో వెలుగు, అయినా ఛాతీ మీద ఎవరో పెట్టిపోయిన బస్తా ఎత్తినట్టుంది. ఫొటో నిండా వాళ్ళే ఉన్నారు, అత్తగారు, తను, రెండు జడల ఆడపడుచు. ఆయన లేడు. తీసింది ఆయన కదా, ఎందుకుంటాడు. ఎప్పుడూ అంతే, ఊళ్ళన్నీ తిరిగి ఏ ఊరి ఫొటోలోనూ లేని మనిషి. మళ్ళీ ఆ బరువు వచ్చి కూర్చోబోయింది, అప్పుడు చూసింది, సముద్రం ఒరిగి ఉంది. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం, నీళ్ళన్నీ ఆడపడుచు జడల మీదికి కారిపోతాయేమో అన్నట్టు. మైనం మీద వెంట్రుకంత తేడా వచ్చినా మళ్ళీ మొదట్నించీ చేసే చెయ్యి అది, ఆ చేతికి గీత తప్పడమా. నవ్వుతున్నాడు. కెమెరా వెనకాల పొట్ట పట్టుకుని నవ్వుతూ, ఆగలేక, నొక్కేశాడు. కనపడడు గానీ, ఆయన ఎంత నవ్వాడో అంతా ఆ నీళ్ళలో ఉంది. పళ్ళమ్మ ఫోనుని ఆ వాలుకి సరిపడా కాస్త వంచి పట్టుకుంది, సముద్రం తిన్నగా అయింది, మనుషులు ఒరిగారు, మళ్ళీ తిప్పింది. ఇలాగే బావుంది.

ఇక రెండు వేళ్ళతో సాగదీసింది, తన మొహాన్ని. కుర్రపిల్ల, ఎవరిదో అన్నట్టున్న మొహం, మెడ వెనక్కి పడేసి నవ్వుతోంది, పళ్ళన్నీ బయటే. ఎడమ వైపు ముందుపన్ను పక్కదాని భుజం మీదికి ఎక్కి కూర్చుంది. అదిగో. అయ్యో, అది. బస్సులో ఇంకొకరి సీట్లో సగం కూర్చున్నట్టుంది నీ పన్ను, టిక్కెట్టు కొన్నదా అనేవాడు ఆయన, దానికి తిడితే ఇంకా ఇంకా అనేవాడు, ఆ పన్ను కనపడకూడదనే ఆ తర్వాత ఫొటోలన్నిట్లో మూతి ముడుచుకుంది, ముడుచుకుని ముడుచుకుని దాన్ని తనే మరిచిపోయింది. పళ్ళమ్మ గిన్నెలోకి చూసింది. అచ్చుపెట్టెలో గీత గీసినట్టు తిన్నగా ఉడుకుతున్నవి, చక్కనివి, దుకాణం పళ్ళు. అవి తనవి కావు. అంత తిన్నని పళ్ళతో ఆయన ఎదురుపడితే ఎవరండీ మీరు అంటాడు. ఇంకెవరి నోరైనా ఇలా తప్పుగా గుచ్చి ఉంటే ఏం చేసేది, మారు మాట్లాడకుండా తీసి పారేసి మళ్ళీ మొదలుపెట్టేది, ఫొటో పక్కన పెట్టుకుని. మైనం కరిగిపోయింది, ముద్ద సగం ఉడికింది, ఇప్పుడు ఆపితే అది చిగురూ కాదు ముద్దా కాదు, మళ్ళీ కొలత, మళ్ళీ అచ్చు, మళ్ళీ అన్నాళ్ళు జావ. పోనీ. పొయ్యి కట్టేసింది. నీలం మంట టక్కున ఆరిపోయింది, గదిలో ఉన్న చప్పుళ్ళలో ఒకటి తగ్గింది.

వీధి మలుపు తిరిగి, ఎదురుగాలి పెదాలకి చల్లగా తగిలాకే మాస్కు తెచ్చుకోలేదని తెలిసింది. వెనక్కి వెళ్ళడానికి టైము లేదు, ఉందేమో, చూసుకోలేదు. కుట్టుమిషను దుకాణం మూసి ఉంది, మెట్ల మీద ఎవరో పేపరు చదువుకుంటున్నాడు, తలెత్తి చూశాడు, మళ్ళీ పేపర్లోకి దించాడు, ఆకాశమేం విరిగి పడలేదు. స్టేషన్లో జనం. అటూ ఇటూ సంచులు, చక్రాల పెట్టెలు, ఒకరినొకరు వెతుక్కునే మొహాలు, అన్నిటికీ పళ్ళున్నాయి. రైలు వచ్చి ఆగింది, ఇంజను ఊడదీసుకుని వెళ్ళిపోయింది. ఒక తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని తెల్లజుట్టు మనిషి, ఆడపడుచే, జడ కాదు, చిన్న ముడి. ఆమె చూపు ప్లాట్‌ఫారం మీద నడుచుకుంటూ వచ్చింది, పళ్ళమ్మ మీద పడింది, దాటిపోయింది, ఆగింది, వెనక్కి వచ్చింది. చూస్తూ ఉండిపోయింది. మొహంలో రంగు మారింది. రాకుండా ఉండాల్సింది అనుకుంది పళ్ళమ్మ, ఇంత ముసలిదాన్ని, ఇంత పీక్కుపోయినదాన్ని చూసి పోవడానికా ఆమె అంత దూరం నుంచి వచ్చింది, మంచి ఫొటో పంపింది కదా, దాన్నే గుర్తుంచుకోనివ్వాల్సింది. ఆడపడుచు మెట్లు దిగింది, ఒక్కొక్కటీ తడుముకుంటూ, దగ్గరికి వచ్చింది, రెండు చేతులూ చాచి లోపలికి పోయిన ఆ బుగ్గల్ని పట్టుకుంది.

"జలుబన్నావు."

"జలుబేనే. పళ్ళకి చేసింది."

అని, తన మాటకి తనే నవ్వొచ్చి, అలవాటు కొద్దీ పళ్ళమ్మ చెయ్యి నోటికి అడ్డం పోయింది. ఆడపడుచు ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగేసింది. కళ్ళనిండా నీళ్ళు.

"చెయ్యి తియ్యి వదినా. తియ్యి. తలుపులోంచి చూసి అమ్మే నిలబడి ఉందనుకున్నాను. ఏదీ, ఇంకోసారి నవ్వు. అమ్మని చూసి ఎన్నేళ్ళయిందో."

కొత్త ఇంజను వచ్చి తగులుకుని రైలు పెట్టెలన్నిటినీ ఒక్క కుదుపు కుదిపింది, ఎవరో ఎక్కండెక్కండి అంటున్నారు, పళ్ళమ్మకి ముందు ఏడుపొచ్చింది, దాన్ని మింగి, రెండు చేతులూ కిందికి వదిలేసి, ఆడపడుచు తనివితీరా చూసుకునేలా, చిగుళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ నిలబడింది.